రెండో క్యాప్ బిగించగానే క్రాంక్ ఆగిపోతోందా? మారుతి 800 హాఫ్ ఇంజన్ బిగింపు గురించి

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారి 1998 మారుతి 800 ఇంజన్ మీరే విప్పారు. లేత్ షాపులో బ్లాక్‌ను 0.50 మి.మీ. ఓవర్‌సైజుకి బోరు చేయించారు, క్రాంక్‌ను 0.25 మి.మీ. గ్రైండింగ్ పట్టించారు. విశాఖ పెదగంట్యాడలో మీ ఇంటి వరండాలోనే కింది సగం, అంటే హాఫ్ ఇంజన్ బిగిస్తుంటే, రెండో మెయిన్ క్యాప్ (క్రాంక్‌ను బ్లాకుకు పట్టి ఉంచే ముక్క) దగ్గర క్రాంక్ తిరగడం మానేసింది. వదులు చేస్తే మళ్ళీ తిరుగుతోంది. తెలిసిన మెకానిక్ ఒకాయన "కొత్త బేరింగులు కదా, మొదట్లో టైటుగానే ఉంటాయి, ఇంకో బండికి కట్టి లాగిస్తే అదే వదులవుతుంది" అన్నారు. ఆ మాట నమ్మాలా, ఏ వరుసలో బిగించాలి, టార్క్ రెంచ్ లేకుండా కుదురుతుందా అని అడిగారు.

మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో చెబుతాను. నమ్మొద్దు. రింగులతో పిస్టన్లు ఎక్కించాక ఇంజన్ కొంచెం బరువుగా తిరగడం మామూలే. కానీ పిస్టన్లు ఇంకా లేవు, క్రాంక్ ఒక్కటే బ్లాకులో పడుకుని ఉంది. అలాంటప్పుడు నాలుగు క్యాపులూ పూర్తిగా బిగించినా సరే, ఫ్లైవీల్ బోల్టు పెట్టే చోట రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పితే తిరగాలి. తిరగలేదంటే ఎక్కడో లోహం లోహాన్ని పట్టుకుంటోందని అర్థం. దాన్ని లాగించి స్టార్ట్ చేస్తే వదులయ్యే మాట నిజమే, కానీ అక్కడ వదులయ్యేది బేరింగు మీది మెత్తటి పూత. అది గీసుకుపోయి, వేడెక్కి, షెల్ (బేరింగు సగం ముక్క) దాని గాడిలోంచి తిరిగిపోతే మీ బ్లాకే పాడవుతుంది. గాజువాక వైపు షెడ్లలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. "అదే వదులవుతుంది" అని వదిలేసిన ఇంజన్లు ఎన్నో మళ్ళీ నా బల్ల మీదికే వచ్చాయి.

మీరు ఇంకా క్రాంక్ దగ్గరే ఆగి అడగడం చాలా మంచి పని. ఇప్పుడు పోయేది ఒక పూట పని మాత్రమే.

ముందు ఆ రెండో క్యాప్ సంగతి చూద్దాం. మీది ఎఫ్8బీ ఇంజన్, మూడు సిలిండర్లు, నాలుగు మెయిన్ బేరింగులు. నాలుగు క్యాపులూ పూర్తిగా వదులు చేయండి. తర్వాత రెండోది ఒక్కటే బిగించి తిప్పి చూడండి. అది ఒక్కటే బిగించినా క్రాంక్ ఆగిపోతే తప్పు ఆ ఒక్క చోటే ఉంది. అది ఒక్కటే ఉన్నప్పుడు హాయిగా తిరిగి, మిగతావి కూడా బిగించినప్పుడే ఆగిపోతే తప్పు వరుసలో ఉంది. అంటే క్రాంక్ అయినా వంగి ఉండాలి, బ్లాకులో బేరింగులు కూర్చునే గాడులైనా ఒకే గీత మీద లేకపోవాలి. ఈ రెంటినీ కూడా చేత్తోనే పసిగట్టవచ్చు. క్రాంక్ వంగితే ఒక సగం తిప్పులో వదులుగా, రెండో సగంలో బిగుతుగా ఉంటుంది. బ్లాక్ వరుస తప్పితే తిప్పు మొత్తం ఒకేలా బిగుతుగా ఉంటుంది. నీళ్ళు లేక బాగా వేడెక్కిన ఇంజన్లలో ఇది వస్తుంది. మీ బండి ఎందుకు విప్పారో రాయలేదు. ఓవర్‌హీట్ అయిన బండి అయితే ఈ అనుమానం గట్టిగా పెట్టుకోండి.

క్రాంక్ వంపు చూడడానికి మధ్య రెండు షెల్లూ తీసేసి, చివర్ల రెండు పై షెల్ల మీదే నూనె రాసి క్రాంక్‌ను పడుకోబెట్టి, మధ్య జర్నల్ (క్రాంక్‌లో బేరింగు మీద తిరిగే భాగం) మీద డయల్ గేజ్ ముల్లు ఆనించి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. ముల్లు 0.05 మి.మీ. దాటి ఆడితే నేను ఆ క్రాంక్‌ను బిగించను, లేత్‌కి తిరిగి పంపుతాను. డయల్ గేజ్ మీ దగ్గర లేకపోతే గ్రైండింగ్ చేసిన చోటుకే తీసుకెళ్ళి మీ కళ్ళ ముందు పెట్టి చూపించమనండి. డబ్బు తీసుకున్న పని అది, అడగడానికి మొహమాటపడొద్దు.

తప్పు రెండో క్యాప్ ఒక్క చోటే ఉందనుకుందాం. నా అనుభవంలో ఎక్కువసార్లు అలాగే ఉంటుంది. కారణాలు కొన్నే.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది షెల్ వెనక మురికి. షెల్‌కీ దాని గాడికీ మధ్య చిన్న ఇనుప రజను గానీ, గుడ్డ పీచు గానీ, ఎండిన సిలికాన్ ముక్క గానీ ఉంటే, షెల్ అక్కడ లోపలికి ఉబ్బుతుంది. బేరింగుకీ జర్నల్‌కీ మధ్య మనకు ఉండే సందు 0.02 నుంచి 0.05 మి.మీ. తల వెంట్రుక దాదాపు 0.07 ఉంటుంది. అంటే షెల్ వెనక ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా మొత్తం సందు పోతుంది. షెల్ తీసి దాని వీపు చూడండి. మురికి ఉన్న చోట మెరుస్తున్న చుక్క కనిపిస్తుంది. షెల్ వీపు, గాడి రెండూ పొడిగా, నూనె లేకుండా ఉండాలి. నూనె రాయాల్సింది జర్నల్‌ను తాకే ముఖానికి మాత్రమే. చాలామంది మంచికేనని రెండు వైపులా నూనె పూస్తారు. అది తప్పు. షెల్ వేడి వీపు నుంచే బ్లాకులోకి వెళ్ళాలి, అక్కడ ఇనుముకు ఇనుము గట్టిగా ఆనుకోవాలి.

రెండోది క్యాపుల తారుమారు. క్యాపులను బ్లాకుకే బిగించి, ఆ రెంటినీ కలిపి ఫ్యాక్టరీలో ఒకేసారి బోరు చేస్తారు. అందుకే రెండో క్యాప్ రెండో చోటే సరిపోతుంది, అది కూడా ఒకే దిశలో. క్యాప్ మీద అంకె, బాణం ఉంటాయి. ఈ సుజుకీ ఇంజన్లలో బాణం క్రాంక్ పుల్లీ వైపు, అంటే టైమింగ్ బెల్ట్ వైపు చూడాలి. లెక్క కూడా ఆ వైపు నుంచే మొదలు. బ్లాక్ కడిగేటప్పుడు నాలుగు క్యాపులూ ఒకే తొట్టిలో వేసి ఉంటే ఒకసారి మళ్ళీ సరిచూసుకోండి.

మూడోది షెల్ సైజు. డబ్బా మీద 0.25 అని ఉన్నా లోపల ఏముందో చూడాలి. ప్రతి షెల్ వీపు మీదా సైజు కొట్టి ఉంటుంది. గ్రైండింగ్ చేసిన చోట కూడా నాలుగు జర్నల్స్ ఒకే సైజుకి వచ్చాయో లేదో మైక్రోమీటర్‌తో కొలవాలి. ప్రతి జర్నల్‌ను రెండు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో, మొత్తం నాలుగు కొలతలు తీయండి. వాటి మధ్య తేడా 0.01 మి.మీ. దాటకూడదు.

నాలుగోది చాలామందికి తట్టదు. జర్నల్ చివర, క్రాంక్ రెక్క మొదలయ్యే మూలలో చిన్న గుండ్రటి వంపు ఉంటుంది. క్రాంక్‌కు బలం ఆ వంపే, అది లేకుండా మూల తెగ్గోస్తే క్రాంక్ అక్కడే విరుగుతుంది. కానీ గ్రైండింగ్ రాయి అరిగినది వాడితే ఆ వంపు అవసరానికి మించి పెద్దదవుతుంది. అప్పుడు షెల్ అంచు దాని మీద ఎక్కి కూర్చుంటుంది. స్కెచ్ పెన్‌తో ఆ మూలంతా రంగు పూసి, ఆరనిచ్చి, క్యాప్ బిగించి బలవంతం లేకుండా కొంచెం తిప్పి విప్పండి. షెల్ అంచుకు రంగు అంటితే దొంగ దొరికినట్టే. క్రాంక్ లేత్‌కి వెనక్కి వెళ్ళాల్సిందే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బిగుతుగా ఉంది కదా అని ఎమరీ పేపర్‌తో షెల్ గీయడం, క్యాప్ అంచులు ఆకురాయితో రాయడం, వదులుగా ఉందని షెల్ వెనక కాగితం పెట్టడం, ఈ మూడూ మన వైపు షెడ్లలో నేను చూసినవే. ఏ పరిస్థితుల్లోనూ చేయొద్దు. కొత్త షెల్‌ను గాడిలో పెడితే దాని రెండు కొసలూ క్యాప్ అంచు కంటే పిసరంత పైకి లేచి ఉంటాయి. అది తయారీలో లోపం కాదు. క్యాప్ బిగించినప్పుడు ఆ రెండు షెల్లూ ఒకదాన్నొకటి నొక్కుకుని గాడికి అదుముకుంటాయి. షెల్ తిరగకుండా పట్టి ఉంచేది ఆ అదుమే. కొసన ఉండే చిన్న నాలుక షెల్‌ను సరైన చోట కూర్చోబెట్టడానికి మాత్రమే. క్యాప్ రాస్తే గాడి గుండ్రం పోతుంది, షెల్ రాస్తే పట్టు పోతుంది.

ఇప్పుడు కడగడం గురించి. మీ జాబులో "పెట్రోలుతో శుభ్రంగా తుడిచాను" అని ఒక్క వాక్యం ఉంది. అందరూ తొందరగా దాటేసే పని కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

బోరు చేశాక హోనింగ్ పట్టిస్తారు. సిలిండర్ గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి కదా, అవే. ఆ గీతల్లో హోనింగ్ రాయి పొడి దాక్కుని ఉంటుంది. పెట్రోలు, కిరసనాయిలు, డీజిల్ నూనె జిడ్డును మాత్రం వదిలిస్తాయి, ఆ పొడిని అక్కడే వదిలేస్తాయి. దాన్ని బయటికి తెచ్చేది వేడినీళ్ళు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్. నురగ బూడిద రంగు మానేదాకా తోమాలి. కడిగాక తెల్ల గుడ్డకు కొంచెం ఇంజన్ ఆయిల్ రాసి సిలిండర్ గోడ తుడవండి. గుడ్డ నల్లబడితే మళ్ళీ కడగండి. నేను నాలుగుసార్లు కడిగిన బ్లాకులూ ఉన్నాయి. ఆ పొడి ఉండిపోతే కొత్త రింగులు కొద్ది వేల కిలోమీటర్లకే అరిగిపోతాయి, నింద మాత్రం రింగుల కంపెనీ మీద పడుతుంది.

ఆయిల్ దారులు ఇంకా ముఖ్యం. బ్లాకులో పొడుగునా వెళ్ళే ఆయిల్ గొట్టం చివర్ల ప్లగ్గులు ఉంటాయి, వాటిని విప్పి సన్నటి పొడుగు బ్రష్ దూర్చి కడగాలి. క్రాంక్‌లోనూ మెయిన్ జర్నల్ నుంచి బిగ్ ఎండ్‌కు (పిస్టన్ కన్‌రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోటుకు) ఏటవాలుగా రంధ్రాలు ఉంటాయి. గ్రైండింగ్ పొడి మొత్తం చేరేది వాటిలోనే. ఒక వైపు నుంచి ఊదితే రెండో వైపు గాలి తగలాలి. విప్పిన ప్లగ్గులు మళ్ళీ బిగించడం మరిచిపోవద్దు. మరిచిపోతే ఆయిల్ ప్రెషర్ ఎక్కడికి పోతోందో తెలియక జుట్టు పీక్కోవాలి.

మన ఊళ్ళో ఇంకో చిక్కు ఉంది. సముద్రపు గాలి. ఇప్పుడే బోరు చేసిన పోత ఇనుము తడి గాలికి ఎంత త్వరగా తుప్పు పడుతుందో లోపలి జిల్లాల వాళ్ళకు తెలియదు. నీళ్ళతో కడిగిన బ్లాకును గాలితో ఆరబెట్టి, ఆ వెంటనే, ఫోను మోగినా ఎత్తకుండా, గోడలన్నిటికీ నూనె పూయాలి. పావుగంట ఆలస్యమైతే పసుపు రంగు తేలడం మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా షెడ్ రేకులు ఎగిరిపోయాయి. అప్పటికే బోరు చేయించి తెచ్చిన మూడు బ్లాకులు తడిసిపోయాయి. కరెంటు వచ్చి కంప్రెసర్ ఆడేసరికి మూడిటికీ తుప్పు పట్టింది, రెంటిని మళ్ళీ హోనింగ్‌కి పంపాల్సి వచ్చింది. కంప్రెసర్ అంటే గుర్తొచ్చింది, దాని ట్యాంకు అడుగున నీళ్ళు చేరతాయి. ఊదే ముందు కింది కుళాయి తిప్పి నీళ్ళు వదిలేయండి. లేకపోతే ఆరబెడుతున్నామనుకుంటూ నీళ్ళు చల్లుతాం.

వరండాలో పని చేస్తున్నారు కాబట్టి, లేచిన ప్రతిసారీ బ్లాక్ మీద శుభ్రమైన పాలిథిన్ కప్పండి. మధ్యాహ్నం గాలి లేచే వేళ క్రాంక్ తెరిచి పెట్టుకోకపోవడం మంచిది. నేనైతే ఈ పని తెల్లవారుజామున చేస్తాను. దుమ్ము తక్కువ, మనసు కూడా నెమ్మదిగా ఉంటుంది.

కడిగాక సందు కొలవాలి. దీనికి ప్లాస్టిగేజ్ అని మెత్తటి ప్లాస్టిక్ దారం దొరుకుతుంది. మీ ఇంజన్‌కు ఆకుపచ్చ రంగుది కావాలి, అది 0.025 నుంచి 0.076 మి.మీ. దాకా కొలుస్తుంది. షెల్, జర్నల్ రెండూ నూనె లేకుండా తుడిచి, జర్నల్ పొడుగునా చిన్న ముక్క పెట్టి, క్యాప్‌ను పూర్తి టార్క్‌కి బిగించి, మళ్ళీ విప్పాలి. నలిగిన దారం వెడల్పును కవరు మీద ఉన్న కొలతతో పోల్చాలి. వెడల్పుగా నలిగితే సందు తక్కువ, సన్నగా ఉంటే ఎక్కువ. ఒక కొస వెడల్పుగా, ఇంకో కొస సన్నగా ఉంటే జర్నల్ ఏటవాలుగా అరిగిందని లేదా గ్రైండింగ్ వంకరగా పడిందని అర్థం. దారం లోపల ఉన్నంతసేపూ క్రాంక్‌ను తిప్పకూడదు, పొరపాటున తిప్పితే కొత్త ముక్కతో మళ్ళీ మొదలుపెట్టాలి. కొలిచాక దారాన్ని గోటితో కాదు, నూనె గుడ్డతో తుడిచేయండి.

ఈ సందు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, నడుస్తున్న ఇంజన్‌లో క్రాంక్ అసలు బేరింగును తాకదు. ఆయిల్ మీద తేలుతుంది. తిరిగే జర్నల్ ఆయిల్‌ను తనతో పాటు లాక్కుని సన్నటి చోటులోకి దూరుస్తుంది, ఆ ఆయిల్ ఒత్తిడే క్రాంక్‌ను ఎత్తి పడుతుంది. సందు మరీ తక్కువైతే ఆయిల్ పొర నిలవదు. మరీ ఎక్కువైతే ఆయిల్ పక్కల నుంచి కారిపోయి, పంపు ఎంత తోసినా ప్రెషర్ నిలవదు. 0.02 నుంచి 0.05 లోపు ఉంటే నిశ్చింతగా ముందుకెళ్ళండి. 0.08 వస్తే మాత్రం ఆ క్రాంక్ ఆ షెల్లతో పని చేయదు.

షెల్ పెట్టేటప్పుడు ఒక జత గమనించండి. జతలో ఒకదానికి మధ్యలో ఆయిల్ గాడి, రంధ్రం ఉంటాయి, ఇంకోటి నున్నగా ఉంటుంది. గాడి ఉన్నది బ్లాకులోకి, నున్నటిది క్యాప్‌లోకి. తారుమారైతే ఆ జర్నల్‌కు ఆయిల్ దారి మూసుకుపోతుంది, దాని నుంచి ఆయిల్ తాగే బిగ్ ఎండ్ కూడా ఎండిపోతుంది. చేత్తో తిప్పితే ఈ తప్పు బయటపడదు. కంటితో ఒక్కొక్కటీ చూసి నిర్ధారించుకోవాల్సిందే. క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లకు ఉన్న గాడులు బయటికి, అంటే క్రాంక్ రెక్కల వైపు చూడాలి.

నాలుగు క్యాపులూ పెట్టి, మెత్తటి సుత్తితో తట్టి కూర్చోబెట్టి, బోల్టులు ముందు చేత్తో పట్టించండి. తర్వాత మధ్య రెండు, ఆ తర్వాత చివరి రెండు, ఇలా మూడు విడతల్లో టార్క్ పెంచాలి. మీరు ఒకటో క్యాప్ పూర్తిగా బిగించేసి రెండోదానికి వెళ్ళారనిపిస్తోంది. అలా చేయకండి. ప్రతి విడత తర్వాత, ప్రతి క్యాప్ తర్వాత క్రాంక్ ఒక చుట్టు తిప్పండి. ఎక్కడ బరువెక్కిందో అక్కడే ఆగండి. మొత్తం బిగించేశాక తిరగకపోతే నాలుగింట్లో ఏదో తెలియదు. ఒక్కొక్కటి తర్వాత తిప్పితే ఏదో వెంటనే తెలుస్తుంది. మా గురువుగారు నాకు మొదటి ఏడాది పానా చేతికివ్వలేదు, పక్కన నిలబెట్టి క్రాంక్ తిప్పించేవారు. చేతికి ఆ బరువు తెలిశాకే బిగించడం నేర్పారు.

టార్క్ రెంచ్ లేకుండా కుదురుతుందా అన్నారు. కింది సగానికి కుదరదు. ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టులు చేతి అంచనాతో బిగించవచ్చు, మెయిన్ క్యాపులు, కన్‌రాడ్ నట్లు కాదు. కొనలేకపోతే రెండు రోజులకు అరువు తెచ్చుకోండి, ఆటోనగర్‌లో అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు. మీ మోడల్ సర్వీస్ పుస్తకంలోని అంకె చూసి, దాని పక్కన ఏ కొలమానం రాసి ఉందో కూడా చూడండి. 1 కేజీ-మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు. 1 అడుగు-పౌండు అంటే 1.36 న్యూటన్ మీటర్లు. న్యూటన్ మీటర్ల అంకెను అడుగు-పౌండ్ల గీత మీద పెట్టి బిగిస్తే మూడో వంతు పైనే ఎక్కువ బలం పడుతుంది, బోల్టు సాగిపోతుంది. మరలు శుభ్రంగా, పలుచగా నూనె రాసి ఉండాలి. బోల్టు రంధ్రం అడుగున నూనె గానీ నీళ్ళు గానీ నిలిచి ఉంటే బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది గానీ క్యాప్ అదమదు. అన్ని రంధ్రాలూ ఊదండి.

బిగించాక క్రాంక్‌ను స్క్రూ డ్రైవర్‌తో ముందుకీ వెనక్కీ నెట్టి ఆ ఆట కొలవండి. 0.1 నుంచి 0.3 మి.మీ. మధ్య ఉండాలి. అసలు ఆట లేకపోయినా తప్పే. మీరు క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ ముందుకు నెట్టబడుతుంది, ఆ బరువు మోసేది ఈ వాషర్లే.

పిస్టన్ల దగ్గరికి వద్దాం. 68.5 మి.మీ. బోరు ఇప్పుడు 69 అయింది, మీ 796 సీసీ ఇంజన్ దాదాపు 808 సీసీ అయిందన్నమాట. పిస్టన్లు, రింగులు రెండూ 0.50వే కదా అని ఒకసారి చూసుకోండి. ప్రతి రింగునూ ముందు సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో సమంగా కిందికి నెట్టి, కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో కొలవండి. పై రింగుకు 25 మి.మీ. బోరుకు 0.1 చొప్పున లెక్క వేస్తే మీకు 0.28 దగ్గర వస్తుంది. 0.20 నుంచి 0.35 దాకా నాకు సమ్మతమే. తక్కువైతే వేడికి రింగు సాగి కొసలు ఢీకొంటాయి, రింగు విరుగుతుంది లేదా గోడ గీసుకుపోతుంది. అప్పుడు ఒక కొసను మాత్రమే సన్నటి ఆకురాయితో బయటి అంచు నుంచి లోపలికి రాయండి. ముందుకూ వెనక్కూ రాస్తే అంచు పెచ్చు లేస్తుంది.

రింగు మీద చిన్న అక్షరమో చుక్కో ఉంటే అది పైకి. కింద ఆయిల్ రింగు ముందు ఎక్కించాలి. దాని మధ్య ముడతల స్ప్రింగు కొసలు ఒకదానికొకటి ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. తర్వాత రెండోది, చివర పైది. కొసల సందులన్నీ ఒకే గీతలో పడకుండా చుట్టూ పంచండి. పిస్టన్ తల మీద బాణం కూడా పుల్లీ వైపే.

కన్‌రాడ్ క్యాపులకూ మెయిన్ క్యాపుల నియమమే, ఏ రాడ్ క్యాప్ ఆ రాడ్‌కే, షెల్ నాలుకలు రెండూ ఒకే వైపు. రాడ్ బోల్టులకు పాత పెట్రోలు పైపు ముక్కలు తొడగండి, లేకపోతే గ్రైండింగ్ పట్టించిన జర్నల్ మీద గీత పడుతుంది. రింగులను నొక్కి పట్టే రింగ్ కంప్రెసర్ పెట్టి సుత్తి కర్ర పిడితో మెల్లగా నెట్టాలి. పిస్టన్ ఎక్కడైనా ఆగితే మీరూ ఆగండి. అక్కడ ఒక రింగు బయటికి వచ్చి బ్లాక్ అంచును పట్టుకుంది. గట్టిగా కొడితే పిస్టన్ లోపలికి పోతుంది గానీ రింగు విరిగి పోతుంది, ఆ సంగతి పొగ వచ్చే రోజు దాకా తెలియదు.

బిగ్ ఎండ్‌కూ ప్లాస్టిగేజ్ పెట్టండి. ప్రతి పిస్టన్ తర్వాత క్రాంక్ తిప్పండి. ఒక్కో పిస్టన్‌కు బరువు కొంచెం కొంచెం పెరగాలి. మొదటిదానికి కొంచెం, రెండోదానికి అంతే, మూడోదానికి హఠాత్తుగా రెట్టింపు అయితే మూడోది విప్పండి. బిగించిన రాడ్‌ను వేళ్ళతో పట్టుకుని పక్కకు కదిపితే టిక్కుమని కదలాలి.

ఆయిల్ పంపు లోపలి రోటర్లకు వాజలీన్ నింపి బిగిస్తాను. ఎండు పంపు మొదటి తిప్పుల్లో ఆయిల్‌ను పీల్చలేదు, వాజలీన్ ఆ పీల్పు ఇస్తుంది, తర్వాత కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. పీల్చే గొట్టానికి ఉన్న ఓ-రింగు కొత్తది వేయండి. పాతది పగిలి ఉంటే పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తుంది.

ఛాంబర్ దగ్గర నా తప్పు ఒకటి చెప్పాలి. పని నేర్చిన కొత్తల్లో ఆయిల్ కారకూడదని ఛాంబర్ అంచుకు సిలికాన్ దండిగా పూశాను. బయటికి వచ్చినది తుడిచాను. లోపలికీ అంతే వస్తుందన్న ఆలోచన రాలేదు. ఆ ముక్కలు ఊడి జల్లెడకు అడ్డుపడ్డాయి. ఆ బండి అరకు ఘాట్ ఎక్కుతుండగా అనంతగిరి దగ్గర క్రాంక్ పట్టేసింది. బండిలో చిన్నపిల్లలు ఉన్నారు, రాత్రి వేళ. ఆ ఇంజన్ నా ఖర్చుతో మళ్ళీ చేశాను గానీ, ఆ కుటుంబం ఆ చలిలో రోడ్డు మీద నిలబడిన సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. 3 మి.మీ. మందం గీత ఒకటి, బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి గీస్తే చాలు. దానికంటే ముందు ఛాంబర్ అంచును చెక్క మీద పెట్టి సుత్తితో తట్టి చదును చేయండి. కారడానికి అసలు కారణం ఎక్కువగా బోల్టుల దగ్గర లోపలికి వంగిన ఆ రేకే.

హెడ్ ఎక్కించి ఇంజన్ బండిలో పెట్టాక, స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, కాయిల్ వైరు తీసి, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు కొట్టి, కాసేపు ఆపి, మళ్ళీ. దీపం ఆరకపోతే స్టార్ట్ చేయొద్దు. స్టార్ట్ అయ్యాక గంటల తరబడి ఐడిల్‌లో వదలకండి, రింగులు గోడకు కూర్చోవడానికి కొంచెం లోడ్ కావాలి. గాజువాక జంక్షన్ ట్రాఫిక్‌లో కాకుండా, ఉదయాన్నే జాతీయ రహదారి మీద అనకాపల్లి వైపు వెళ్ళి రండి. వేగం పెంచుతూ, తగ్గిస్తూ, ఒకే వేగంలో ఉండకుండా నడపండి. వెయ్యి కిలోమీటర్లు దాటేదాకా అరకు ఘాట్ వద్దు, నలుగురు మనుషులూ సామానూ వద్దు.

500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. దించిన ఆయిల్‌ను తెల్ల గుడ్డలో వడకట్టి ఎండలో చూడండి. బూడిద రంగు సన్నటి పొడి అయితే రింగులు కూర్చుంటున్నాయి, ఫర్వాలేదు. అయస్కాంతానికి అంటని మెరిసే రేకులు కనిపిస్తే అవి బేరింగువి, ఛాంబర్ మళ్ళీ విప్పాలి.

ఇప్పటికి మాత్రం రెండో క్యాప్ ఒక్కటే బిగించి తిప్పి చూడండి, షెల్ వీపు ఫొటో తీసి పెట్టండి. నాలుగు జర్నల్స్ కొలతలు కూడా రాస్తే క్రాంక్ లేత్‌కి వెళ్ళాలా, ఇంట్లోనే సరిపోతుందా అన్నది చెప్పగలను.